విజయవాడ, గుంటూరు వాళ్లు రోజూ చూడదగ్గ వాతావరణ చార్టులు ఏవి?

బ్రాడీపేట మబ్బు:

ఫోన్‌లో యాప్‌లు చూసి చూసి విసుగొచ్చేసిందండి. ఒకటి రేపు గుంటూరుకి 80 శాతం వాన అంటుంది, ఇంకోటి సూర్యుడి బొమ్మ పెడుతుంది. ఏది ఎందుకలా అంటుందో మాత్రం చెప్పి చావదు. అందుకని వాటి వెనకాల ఉండే అసలు చార్టులే నేరుగా చూడాలని ఉంది. వెతికితే సైట్లు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి, ఒక్కో సైట్లో మళ్లీ యాభై రకాల మ్యాపులు.

మన వైపు మూడు కాలాలకీ పనికొచ్చేవి కావాలి. మే నెల ఎండలు, సాయంత్రం పూట గాలివానలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా అల్పపీడనాలు, ముసురు. ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్లు. డబ్బు కట్టనక్కర్లేనివి అయితే మేలు. ల్యాప్‌టాప్ ఉంది, ఇంగ్లిష్ మ్యాపులైనా ఫర్వాలేదు. ఏ చార్టు, ఏ టైముకి, అందులో ఏం చూడాలి, ఎక్కడ బోల్తా పడతాం, ఇవి చెప్పండి చాలు.

కృష్ణలంక గాలి:

ముందుగా ఒక మాట. చార్టులు ఎక్కువ చూస్తే తెలివి పెరగదు, అయోమయం పెరుగుతుంది. ఐదారు ఎంచుకుని వాటినే రోజూ ఒకే వరసలో చూడండి. ఏమీ జరగని రోజు చార్టు ఎలా ఉంటుందో కంటికి అలవాటైతేనే, తేడా ఉన్న రోజు తేడా పట్టుకోగలుగుతాం.

యాప్‌లు ఎందుకు తలో మాటా అంటాయంటే, ఒక్కోటి ఒక్కో మోడల్ నుంచి, అంటే వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ నుంచి, అంకె లాక్కుంటుంది. ప్రపంచమంతటికీ లెక్కకట్టే మోడళ్లలో అందరూ చూసేవి రెండు. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్. రెండోదాన్ని అందరూ ఈసీ అనేస్తారు, నేనూ అదే అంటాను. జీఎఫ్ఎస్ రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది, 16 రోజుల దాకా చూపిస్తుంది. అలా నడిచిన ఒక్కోసారినీ రన్ అంటారు. ఈసీకి 00 జెడ్, 12 జెడ్ రన్‌లే ముఖ్యం. జెడ్ అంటే గ్రీన్‌విచ్ టైము, దానికి ఐదున్నర గంటలు కలపాలి. అంటే 00 జెడ్ మన పొద్దున 5:30, 12 జెడ్ సాయంత్రం 5:30.

అయితే ఆ టైముకి చార్టు మన చేతికి రాదు. 00 జెడ్ జీఎఫ్ఎస్ పొద్దున తొమ్మిదింటి నుంచి కొద్దికొద్దిగా దిగుతూ పదిన్నరకి పూర్తవుతుంది. ఈసీ మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య. రాత్రి కూడా ఇదే వరస, జీఎఫ్ఎస్ పదిన్నరకి, ఈసీ అర్ధరాత్రి దాటాక. కాబట్టి పొద్దున్నే కాఫీ తాగుతూ చూసే ఈసీ చార్టు నిన్న సాయంత్రం పరిస్థితి మీద కట్టిన లెక్క. చార్టు పైన రెండు టైములు రాసి ఉంటాయి. ఒకటి రన్ మొదలైనది, రెండోది ఆ బొమ్మ ఏ ఘడియకి వర్తిస్తుందో అది. కొత్తవాళ్లు తొంభై శాతం బోల్తా పడేది ఇక్కడే.

విండీ సైట్‌తో మొదలుపెట్టండి. అందులో మామూలుగా కనిపించేది ఈసీ 9 కిలోమీటర్ల మోడలే. లేయర్లలో వాన మొత్తం చూపించేది తీసి 24 గంటలో, 3 రోజులో పెట్టుకోండి. గంటగంటకీ కదిలే రంగుల వాన బొమ్మ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద నిర్ణయం పెట్టుకోకండి. పక్కన ఎత్తు మార్చే పట్టీ ఉంటుంది, దాన్ని 850 హెచ్‌పీఏ (గాలి పీడనం కొలత) దగ్గరికి, అంటే 1500 మీటర్ల ఎత్తుకి జరిపి గాలులు చూడండి. నేల మీద గాలికి చెట్లూ ఇళ్లూ అడ్డు. 850లో అయితే సుడి ఎక్కడుందో, తేమ ఏ దిక్కు నుంచి వస్తుందో తేటగా తెలుస్తుంది. ఊరి మీద కుడి క్లిక్ చేస్తే, ఫోన్‌లో అయితే నొక్కి పట్టుకుంటే, మోడళ్లన్నీ ఒకదాని కింద ఒకటి పోల్చి చూపించే పేజీ వస్తుంది.

రెండోది ట్రాపికల్ టిడ్‌బిట్స్. జీఎఫ్ఎస్‌కి ఇది హాయి. హిందూ మహాసముద్రం వైపు ప్రాంతం ఎంచుకుని సముద్రమట్టపు పీడనం, వాన కలిసి ఉన్న చార్టు తెరవండి. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ముందటి రన్‌కి వెళ్లే బటన్. అదే తేదీకి గత నాలుగు రన్‌లు ఏమన్నాయో వెనక్కి నొక్కుతూ చూడండి. అల్పపీడనం ఒక్కో రన్‌కీ ఒక్కో చోట దూకుతుంటే ఆ బొమ్మకి విలువ లేనట్టే. అక్కడే నిలకడగా ఉంటే అప్పుడు పట్టించుకోవాలి. వాన మొత్తాల చార్టు మాత్రం అంగుళాల్లో ఇస్తుంది, 25.4తో హెచ్చవేసుకోవాలి. స్కేల్ చూడకుండా 4 అని చదివి 4 మిల్లీమీటర్లు అనుకున్నారో, అసలు సంగతి 100 మిల్లీమీటర్లు!

బెంజిసర్కిల్ రాడార్:

పైన చెప్పినవన్నీ రేపటికీ ఎల్లుండికీ. ఇవాళ సాయంత్రం తడుస్తామా లేదా అన్నదానికి మోడల్ కన్నా మచిలీపట్నం డాప్లర్ రాడార్ మేలు. వాతావరణ శాఖ మౌసం వెబ్‌సైట్లో రాడార్ పేజీలో మచిలీపట్నం ఎంచుకోండి. బొమ్మ పదేసి నిమిషాలకి మారుతుంది, కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, నిర్వహణ కోసం ఆపినప్పుడు పాత బొమ్మే ఉండిపోతుంది. అందుకని ముందు బొమ్మ మీదున్న టైము, అది మన టైమా జెడ్ టైమా, చూశాకే రంగులు చూడాలి.

మాక్స్ జెడ్ అని ఉండేది, ఒక చోట నేల నుంచి పైదాకా ఉన్న అన్ని పొరల్లో ఎక్కడ ఎక్కువ ప్రతిధ్వని ఉందో దాన్నే చూపిస్తుంది. పైనా కుడిపక్కనా ఉండే పట్టీలు మేఘం ఎత్తు చెబుతాయి. ఆ ప్రతిధ్వని బలాన్ని డీబీజెడ్‌లో కొలుస్తారు. 20 డీబీజెడ్ అంటే తుంపర, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే కుండపోత గానీ వడగళ్లు గానీ. మే నెలలో ఒక తమాషా ఉంది. మాక్స్ జెడ్‌లో పసుపు రంగు కనిపిస్తుంది, కింద చుక్క పడదు. వాన పైనే ఉండి పొడిగాలిలో ఆవిరైపోతుంటుంది. అనుమానం వస్తే పీపీఐ జెడ్ తెరవండి, అది ఒకే కోణంలో కింద పొరను చూపిస్తుంది.

ఈ కోణం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాడార్ కిరణం అరడిగ్రీ పైకి పెట్టి తిప్పినా, భూమి వంపు వల్ల దూరం వెళ్లేకొద్దీ నేల నుంచి పైకి లేచిపోతుంది. మచిలీపట్నం నుంచి విజయవాడ నేరుగా 65 కిలోమీటర్లు, అక్కడ కిరణం 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గుంటూరు దగ్గర కిలోమీటరు. ఈ రెండు ఊళ్లకీ ఇది చక్కటి దూరం. అదే నల్లగొండ 220 కిలోమీటర్లు, అక్కడికి కిరణం దాదాపు 5 కిలోమీటర్లు పైకి పోతుంది, కింద కురిసేది దానికి కనపడదు. అందుకే అటు నుంచి వచ్చే గాలివానని మొదట హైదరాబాద్ రాడార్‌లో పట్టుకుని, కోదాడ దాటాక మచిలీపట్నానికి మారాలి.

వేగం ఇలా లెక్కేయండి. అరగంట తేడా ఉన్న రెండు బొమ్మలు దించుకోండి. ఎరుపు మచ్చ ముందంచు మొదటి బొమ్మలో కోదాడ మీద, రెండోదాంట్లో జగ్గయ్యపేట మీద ఉందనుకుందాం. మధ్య దూరం 18 కిలోమీటర్లు, అంటే గంటకి 36. జగ్గయ్యపేట నుంచి విజయవాడ నేరుగా 70, కాబట్టి రెండు గంటలకి కాస్త అటూఇటూ. కానీ గాలివాన ఆ మచ్చ కన్నా ముందే వస్తుంది. మేఘం నుంచి కిందికి దూకే చల్లగాలి పాతిక ముప్పై కిలోమీటర్లు ముందుకి తోసుకొచ్చి, కొత్త మేఘాన్ని అక్కడ లేపుతుంది. రెండు గంటలు వచ్చిందంటే గంటన్నర అనుకోండి. మధ్యలో చచ్చిపోయేవీ ఉంటాయి, నందిగామ దాకా వచ్చి చల్లారిపోయేవి బోలెడు.

సాయంత్రం పొద్దుగూకాక సముద్రం వైపు కదలని మచ్చలు, గీతలు కనిపిస్తే కంగారుపడొద్దు. కింద చల్లగాలి, పైన వేడిగాలి పరుచుకున్నప్పుడు కిరణం వంగి అలలకి కొట్టుకుని వస్తుంది. వరసగా మూడు బొమ్మల్లో కదలకపోతే అది వాన కాదు.

బ్రాడీపేట మబ్బు:

అమ్మో, ఒక్కరోజులో ఇంత సరుకా. ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పోల్చి చూసే పేజీలో ఒక మోడల్ మూడు రోజుల్లో 180 మిల్లీమీటర్లు అంటే ఇంకోటి 40 అంటుంది. సగటు తీసుకోనా? ఇంకోటి, వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది’ అని రోజూ రాస్తారు. పేపర్లో కూడా అదే దించేస్తారు. దాంతో మనం చేసేదేమైనా ఉందా?

తెనాలి తెమ్మెర:

ఉంది, అసలు అదే బంగారం. జనం దాటేసి పోయే ఆ ముక్కలో ఏ చార్టు తెరవాలో రాసి పెట్టి ఉంటుంది. బులెటిన్‌లో కిలోమీటర్లు, చార్టుల్లో హెచ్‌పీఏ, అంతే తేడా. 0.9 కిలోమీటర్లు అంటే 925 చార్టుకి దగ్గర. 1.5 అంటే 850, 3.1 అంటే 700, 5.8 అంటే 500, 7.6 అంటే 400. ఒక ఉపరితల ఆవర్తనం 3.1 దాకానే ఉందంటే 850, 700 తెరిస్తే సుడి కనిపిస్తుంది, 500లో మాయమవుతుంది. అలాంటివి ఒక మోస్తరు వానలిస్తాయి. 7.6 దాకా నిలబడిందంటే మందంగా, గట్టిగా ఉందన్నమాట.

ఇక వంపు. విండీలో 850 పెట్టి సుడి మధ్యబిందువు ఎక్కడుందో చూడండి, తర్వాత 700, తర్వాత 500. నైరుతి రుతుపవనాల కాలంలో పైకి పోయేకొద్దీ ఆ బిందువు దక్షిణానికో నైరుతికో జరుగుతూ ఉంటుంది. భారీ వాన పడేది కూడా మధ్యలో కాదు, ఆ వంపు ఉన్న వైపు. బంగాళాఖాతంలో పుట్టి వాయవ్యానికి కదిలే వాయుగుండాలకి నైరుతి భాగమే ప్రమాదం.

2024 ఆగస్టు 31 దీనికి మచ్చుతునక. వాయుగుండం ఆ అర్ధరాత్రి దాటాక తీరం దాటింది కళింగపట్నం దగ్గర, మునిగింది విజయవాడ. రెండింటికీ మధ్య 400 కిలోమీటర్ల పైనే. తీరం దాటే చోటు ఒక్కటే చూసుకున్నవాళ్లకి అది శ్రీకాకుళం వాళ్ల సమస్యగానే కనిపిస్తుంది. 850 గాలుల్లో అరేబియా వైపు నుంచి వచ్చే పడమటి గాలి ఆ సుడి చుట్టూ తిరిగి కృష్ణా, ఖమ్మం, సూర్యాపేట మీద ఎలా పోగుపడుతోందో చూడటం ముఖ్యం.

విజయవాడ వాళ్లకి ఇంకో మాట. ఊరి మీద పడే వానే చూస్తే చాలదు. బుడమేరుకి నీళ్లొచ్చేది మైలవరం వైపు కొండల నుంచి. మున్నేరుకి ఖమ్మం, ఆపై వరంగల్ వైపు నుంచి, అది ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. అందుకే వాన మొత్తాల మ్యాపులో ఆ ఎగువ ప్రాంతం మీద వేలుపెట్టి చదవండి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, నాగార్జునసాగర్, పులిచింతల నీటికి ఈ వాగుల నీళ్లు తోడై. నదుల మట్టాలకి కేంద్ర జలసంఘం వరద సూచన పేజీ ఉంది, గంటల లెక్కన మారుతుంది.

వాన అంకెలు బులెటిన్‌తో పోల్చేటప్పుడు జాగ్రత్త. ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ, వానరోజు పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, అంటే 03 జెడ్ నుంచి 03 జెడ్. మోడల్ చార్టులు మామూలుగా 00 జెడ్‌కి కోస్తాయి. తెల్లవారుజామున కురిసే వానలకి ఈ మూడు గంటలే లెక్కని తలకిందులు చేస్తాయి. భారీ అంటే 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, అతి భారీ 204.4 దాకా, అది దాటితే అత్యంత భారీ.

పాతగుంటూరు పీడనం:

180, 40 సందేహానికి నేను చెబుతా. సగటు తీయకండి. 110 అనే అంకె ఏ మోడలూ చెప్పలేదు, బహుశా అది జరగదు కూడా. సుడి ఇటొస్తే 180, అటుపోతే 40, సంగతి అదీ. దీనికి ఎన్‌సెంబుల్ చూడాలి.

ఎన్‌సెంబుల్ అంటే ఒకే మోడల్‌ని, మొదటి పరిస్థితిని కొద్దికొద్దిగా మార్చి చాలాసార్లు నడపడం. అలా నడిపిన ఒక్కోదాన్ని సభ్యుడు అంటారు. ఈసీలో 51, జీఎఫ్ఎస్ వాళ్లదాంట్లో 31. ఈసీఎండబ్ల్యూఎఫ్ సొంత చార్టుల సైట్ ఉచితమే. అందులో ఎన్‌సెంబుల్ మీటియోగ్రామ్ అని వెతికి, ఊరి పేరుగా విజయవాడ కొట్టండి. గ్రాఫులు వస్తాయి. వాన గ్రాఫులో నిలువు పెట్టెలు ఉంటాయి. లావు పెట్టెలో మధ్య సగం సభ్యులు, అంటే 25 నుంచి 75 శాతం. సన్న పెట్టె 10 నుంచి 90. పైన పుల్ల కొస అన్నిటికన్నా ఎక్కువ చెప్పిన సభ్యుడు. లోపల అడ్డగీత మధ్యస్థం.

చదవడం ఇలా. లావు పెట్టె పొట్టిగా, కాస్త పైకి ఉంటే అందరూ ఒకే మాట మీద ఉన్నారు, నమ్మొచ్చు. పెట్టె నేలకి అంటుకుని పుల్ల మాత్రం ఆకాశానికి లేస్తే, ఎవరో ఇద్దరు ముగ్గురు సభ్యులు తుపాను తెస్తున్నారు, మిగతావాళ్లకి వానే లేదు. అలాంటి రోజుల్లోనే ఎవరో ఆ ఒక్క సభ్యుడి బొమ్మ దించి ‘బెజవాడకి మహా తుపాను’ అని గ్రూపుల్లో తోసేస్తారు. పది రోజుల అవతలి జీఎఫ్ఎస్ బొమ్మ ఎవరైనా పంపితే అడగాల్సింది ఒక్కటే: ఎన్‌సెంబుల్ ఏమంటోంది?

అదే సైట్లో ఈఎఫ్ఐ అని ఇంకో చార్టు ఉంది, జనం దీన్ని పెద్దగా వాడరు గానీ చాలా పనికొస్తుంది. ఆ చోట ఆ కాలానికి మామూలుగా ఉండేదానితో పోల్చి ఎంత అసాధారణమో 1 లోపు అంకెతో చెబుతుంది. 0.5 దాటితే తేడా ఉంది, 0.8 దాటితే చాలా అరుదు. మోడల్ వాన తక్కువగా లెక్కకట్టే అలవాటు ఉన్నా ఈ చార్టుకి ఇబ్బంది లేదు, ఎందుకంటే పోల్చేది అదే మోడల్ పాత లెక్కలతో.

కృష్ణలంక గాలి:

పీడనం గారి మాటకి చిన్న సవరణ. మే నెల గాలివానలకి ఎన్‌సెంబుల్ పెద్దగా పనిచెయ్యదండి. మోడల్ నేలని గడులుగా విడదీసి లెక్కకడుతుంది, పది కిలోమీటర్ల వెడల్పు మేఘాన్ని ఆ గడులు పట్టుకోలేవు. మనకి దొరికే జీఎఫ్ఎస్ గడి పావు డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్లు, తాడేపల్లి, మంగళగిరి, విజయవాడ కలిపి ఒకటి రెండు గడులు. ఆ గాలివానలకి వాన గ్రాఫులు కాదు, ముడిసరుకు చూడాలి: తేమ, అస్థిరత, పైగాలులు.

పాతగుంటూరు పీడనం:

ఒప్పుకుంటా. నేను చెప్పింది అల్పపీడనాలకీ తుపాన్లకే.

బెంజిసర్కిల్ రాడార్:

తుపాన్ల మాటొచ్చింది కాబట్టి. అక్టోబరు నుంచి పొద్దున మొదట తెరవాల్సింది ఢిల్లీ ఆర్ఎస్ఎంసీ, అంటే మన వాతావరణ శాఖ తుపాను కేంద్రం సైట్. అందులో రోజూ ఒక ట్రాపికల్ వెదర్ అవుట్‌లుక్ పెడతారు. వచ్చే ఏడు రోజులకి, ఒక్కో 24 గంటలకీ వాయుగుండం ఏర్పడే అవకాశం పట్టికగా ఉంటుంది. నిల్, లో, మోడరేట్, హై. లో అంటే 33 శాతం లోపు, మోడరేట్ 67 దాకా. పట్టికలో అన్నీ నిల్ అయితే ఫేస్‌బుక్‌లో ఏ బొమ్మ తిరిగినా నిద్రపోవచ్చు. జీఎఫ్ఎస్‌కి వారం దాటిన దూరంలో బంగాళాఖాతంలో లేనిపోని తుపాన్లు పుట్టించే జబ్బు ఉంది.

పుట్టాక బలపడుతుందా లేదా అన్నదానికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ల సీఐఎంఎస్ఎస్ ట్రాపికల్ పేజీ. హిందూ మహాసముద్రం ఎంచుకుని విండ్ షియర్ చార్టు తెరవండి. కింది గాలికీ పైగాలికీ ఉన్న తేడా అది. 20 నాట్ల లోపుంటే మేఘాలు నిటారుగా నిలబడతాయి, అంతకు మించితే పై భాగం పక్కకి కొట్టుకుపోతుంది. దానికి తోడు ఇన్సాట్ నీటిఆవిరి చిత్రం, ఉత్తరం వైపు నుంచి పొడిగాలి సుడిలోకి దూరుతోందా అని. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా మచిలీపట్నం వైపు వచ్చింది, తీరం చేరేసరికి వాయుగుండంగా మిగిలింది. షియర్, పొడిగాలి రెండూ కలిసి కొట్టాయి. నవంబరు, డిసెంబరు తుపాన్లకి మన తీరం దగ్గర ఇలా జరుగుతూ ఉంటుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది, అది వేరే రకం. చెన్నై వైపు నుంచి తీరాన్ని ఆనుకుని ఉత్తరానికి పాకింది. తీరానికి సమాంతరంగా వచ్చేవాటికి దారి కొంచెం వంగినా తీరం దాటే చోటు ఎంతో దూరం మారిపోతుంది. కాబట్టి మ్యాపులో తుపాను దారి గీత మీద కాకుండా, దారి ఎంత అటూఇటూ కావచ్చో చూపిస్తూ దాని చుట్టూ ఉండే శంకువు మీద చూపు పెట్టండి.

గాలి వేగాలు పోల్చేటప్పుడు ఐఎండీది 3 నిమిషాల సగటు, అమెరికా సైన్యపు తుపాను హెచ్చరిక కేంద్రం జేటీడబ్ల్యూసీది 1 నిమిషం. రెండోది మామూలుగా పైనే ఉంటుంది, ఎవరో దాచిపెట్టారని గొడవపడక్కర్లేదు.

ఉపగ్రహ చిత్రాలకి ఐఎండీ రాపిడ్ సైట్. పగలు విజిబుల్, రాత్రి ఇన్‌ఫ్రారెడ్. ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా ఉన్నదల్లా వాన మేఘం కాదు, ఎత్తున ఉండే పల్చటి మబ్బు కూడా చల్లగా ఉంటుంది కాబట్టి తెల్లగానే వస్తుంది. విజిబుల్‌లో అదే చోట నేల కనిపిస్తుంటే అది పల్చటిదే.

కృష్ణలంక గాలి:

ఎండలకి ఒక్క చిట్కా. 850 ఉష్ణోగ్రత చార్టు తీసి మధ్యాహ్నం 2:30, అంటే 09 జెడ్‌కి విజయవాడ మీద అంకె చదవండి. దానికి 14, 15 కలపండి. ఎండలో గాలి నేల నుంచి అంత ఎత్తు దాకా బాగా కలిసిపోతే కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీల తేడా ఉంటుంది, ఆ లెక్క ఇది. 850లో 29 ఉంటే కింద 43, 44. ఈ చిట్కా తప్పేది సముద్రగాలి తొందరగా వచ్చిన రోజు. దాన్ని 925 గాలుల్లో చూడాలి. మధ్యాహ్నం పడమటి గాలి బలంగా ఉంటే సముద్రగాలి బందరు దాటి లోపలికి రాలేదు, ఆ రోజు వడగాలే. తేమగా, మబ్బుగా ఉన్న రోజుల్లో ఈ కూడిక వాడొద్దు.

గాలివానకి వ్యోమింగ్ విశ్వవిద్యాలయం సౌండింగ్ పేజీ. స్టేషన్ నంబరు 43185 కొడితే మచిలీపట్నం బెలూన్ చూపిన పైగాలి లెక్క వస్తుంది, కొన్ని రోజులు ఉండదు. కింద పట్టికలో కేప్ (మేఘాన్ని పైకి లేపే శక్తి), సిన్ (దాన్ని లేవనివ్వని అడ్డు), మొత్తం నీటిఆవిరి చూడండి. అది తీరం మీది కొలత కాబట్టి కింది పొర చల్లగా తేమగా ఉంటుంది. విజయవాడకి సరిపోవాలంటే అడుగు ఉష్ణోగ్రత గన్నవరం విమానాశ్రయం మెటార్ (విమానాల కోసం ఇచ్చే వాతావరణ రిపోర్టు) నుంచి తెచ్చి పెట్టుకోవాలి, దాని కోడ్ వీఓబీజెడ్. విండీలో ఊరి మీద కుడి క్లిక్ చేసి సౌండింగ్ నొక్కితే మోడల్ లెక్కన అదే బొమ్మ వస్తుంది, మొదట్లో అది చాలు.

తెనాలి తెమ్మెర:

ల్యాప్‌టాప్ ఉందన్నారు కాబట్టి, చార్టు మీరే గీసుకోవాలని ఎప్పటికైనా అనిపిస్తే. అమెరికా వాళ్ల నోమాడ్స్ సర్వర్‌లో జీఎఫ్ఎస్ గ్రిబ్ ఫిల్టర్ ఉంటుంది, గ్రిబ్ అంటే మోడల్ అంకెలు దాచే ఫైలు రకం. మొత్తం ఫైలు దించితే వందల ఎంబీ. ఫిల్టర్‌లో పడమర 78, తూర్పు 84, దక్షిణం 14, ఉత్తరం 19 పెట్టి, వాన, పీడనం మాత్రం టిక్ చేస్తే కొన్ని కేబీలతో అయిపోతుంది. తెరవడానికి ఎక్స్‌వైగ్రిబ్ ఉచితం.

ఒక గొయ్యి ఉంది. జీఎఫ్ఎస్ వాన ఆరు గంటల డబ్బాల్లో పోగవుతుంది. 3వ గంట ఫైల్లో 0 నుంచి 3 దాకా, 6వ గంట ఫైల్లో 0 నుంచి 6 దాకా, 9వ దాంట్లో మళ్లీ 6 నుంచి 9. మూడేసి గంటల ఫైళ్లన్నీ వరసగా కూడారంటే వాన రెండుసార్లు లెక్కకొస్తుంది. 6, 12, 18, 24 ఫైళ్లే కూడండి.

బ్రాడీపేట మబ్బు:

అన్నీ పుస్తకంలో రాసుకుంటున్నా. ఆఖరిది. ఫిబ్రవరి, మార్చిలో మా వైపు మిర్చి కళ్లాల్లో ఆరబోసి ఉంటుంది. అప్పుడొచ్చే అకాల వాన ముందురోజు పట్టుకోవాలంటే ఏది చూడాలి?

తెనాలి తెమ్మెర:

ఆ కాలంలో బులెటిన్‌లో ‘విదర్భ నుంచి తమిళనాడు వరకు 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి’ లాంటి మాట వచ్చిందా చూడండి. వస్తే 925 గాలులు తెరవండి. ద్రోణికి తూర్పున బంగాళాఖాతం నుంచి తేమగాలి, పడమర పొడిగాలి, రెండూ కలిసే గీత ఎక్కడుందో తేలుతుంది. ఆ గీత కర్ణాటక వైపే ఉంటే మీకు భయం లేదు. రాయలసీమ, పల్నాడు దాకా జరిగి, పైన 500లో పడమటి గాలి గంటకి 40 కిలోమీటర్లు దాటి ఉంటే, వానతో పాటు వడగళ్లకి కూడా అవకాశం ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాడార్, ఐఎండీ మూడు గంటల జిల్లావారీ నౌకాస్ట్ (రాబోయే కొద్ది గంటల సూచన) రెండూ తెరిచి ఉంచండి. పిడుగులకి ఐఐటీఎం పూణే వాళ్ల దామిని యాప్, చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో చూపిస్తుంది.

బెంజిసర్కిల్ రాడార్:

పట్టాలు కప్పడానికి మీ కళ్లంలో ఎంతసేపు పడుతుందో ముందు అది తేల్చుకోండి. గంట పడుతుందంటే మచ్చ నరసరావుపేట దాటేదాకా ఆగకూడదు, దానికి పడమర ఉండగానే మొదలుపెట్టాలి.